గడప బయట నిలిచిన ఫోను

నవంబరు నెలాఖరుకు స్కార్వోయ్ దీవిలో సూర్యుడు కొండ వెనక్కి దిగిపోతాడు. మళ్ళీ మొహం చూపించేది జనవరి సగం దాటాకే. మధ్యలో రోజులన్నీ కలిపి ఒకటే పొడుగాటి రాత్రి. మిట్టమధ్యాహ్నం మాత్రం ఆకాశం అంచున కాస్త నీలం తేలుతుంది, పాలలో సిరాచుక్క పడ్డట్టు. కప్పులో కాఫీ అయ్యేలోపే అదీ ఆరిపోతుంది. అక్కడివాళ్ళకి అది మామూలే. కిటికీ కిటికీకీ దీపం పెట్టుకుని, పొయ్యిలో కట్టెలు ఎగదోసుకుని, చీకట్లోనే పనికి పోయి చీకట్లోనే తిరిగొస్తారు.

యోరున్ ఇల్లు కొండ వాలులో పైన, హెర్దిస్ ఇల్లు దాని కింద. రెండిళ్ళ మధ్యనుంచి ఒక కాలిబాట దిగి, నీటి ఒడ్డున హెర్దిస్ పడవ కొట్టం దగ్గర ఆగిపోతుంది. యోరున్‌కి యాభై దాటాయి. ఊరి బడిలో టీచరు. భర్త ఆస్‌గేర్ చేపల పడవ మీద పనిచేస్తాడు, వారంలో సగం సముద్రంలోనే ఉంటాడు. హెర్దిస్ ఆమెకంటే బాగా పెద్దది. పెళ్ళి చేసుకోలేదు. చేయి గట్టిది, గుండె గట్టిది, నోరు అన్నిటికంటే గట్టిది. కాఫీ వాసన తగిలితే చాలు, తలుపు తట్టకుండా లోపలికొచ్చేసి, "ఏం పిల్లా, ఒక్కదానివే తాగేస్తున్నావా?" అంటూ కుర్చీ లాక్కునేది.

ఆ వాలులో కొండ అడ్డం. సెల్‌ఫోన్‌కి సిగ్నల్ అందదు. ఇంట్లో వైఫై ఉంటే దాని మీదుగానే ఎవరితోనైనా మాట్లాడాలి, లేకపోతే చేతిలో ఫోను ఉన్నా రాయి ఉన్నా ఒకటే. రోడ్డు తవ్వినప్పుడు హెర్దిస్ ఇంటికొచ్చే తీగ తెగిపోయింది. వేస్తామన్న కంపెనీవాళ్ళు వేయనేలేదు. మాది వాడుకో అని యోరున్ తనే అంది. ఆస్‌గేర్ వంటింటి కిటికీలో ఒక చిన్న పెట్టె కూడా బిగించాడు, సిగ్నల్ కింద పడవ కొట్టం దాకా పోయేలా. అలా ఏళ్ళు గడిచాయి. హెర్దిస్ ఆ సాయాన్ని ఊరికే ఉంచుకోలేదు. వేసవిలో కొండ పళ్ళ జామ్, చలికాలంలో అల్లిన మేజోళ్ళు, ఏదో ఒకటి పైకి వస్తూనే ఉండేవి.

చెడింది ఒక కేకు దగ్గర.

క్రిస్మస్‌కి ముందు ఊరి హాల్లో ఆడవాళ్ళంతా కాఫీకి చేరతారు. ఎవరు చేసింది వాళ్ళు తెస్తారు. ఆ ఏడు యోరున్‌కి తీరిక చిక్కక, ఫెర్రీ ఎక్కి పట్నం వెళ్ళినప్పుడు బేకరీలో బాదం కేకు కొని, ఇంటి పళ్ళెంలో పెట్టి పట్టుకెళ్ళింది. అందరూ తిని మెచ్చుకున్నారు. పాస్టరు గారి భార్య ఎలా చేశావని అడిగింది. యోరున్ ఏదో చెప్పబోతుంటే, హెర్దిస్ నోట్లో కేకు పెట్టుకునే అంది:

"ఎలా చెయ్యడమేంటి, డబ్బు ఇచ్చి చేసింది. అట్టపెట్టె మా చెత్తడబ్బాలో పడేసి వచ్చింది పాపం, తన దాంట్లో వేస్తే ఆస్‌గేర్ చూస్తాడని."

హాలంతా నవ్వింది. పడీపడీ నవ్వింది. అందులో విషం లేదు, మర్నాటికి ఎవరికీ గుర్తుండే నవ్వు కాదు. యోరున్ కూడా నవ్వింది. కానీ చెవులు కాలిపోయాయి. ఇంటికొచ్చాక కూడా ఆ నవ్వు వదల్లేదు. పళ్ళెం కడుగుతుంటే వినబడింది, దుప్పటి కప్పుకున్నా వినబడింది.

మర్నాడు మధ్యాహ్నం బడి నుంచి వచ్చి, ఫోనులో వైఫై పెట్టె తాలూకు అమరికలు తెరిచింది. పాస్‌వర్డ్ మార్చేద్దామని మొదట అనుకుంది. మారిస్తే హెర్దిస్ పైకొచ్చి కొత్తది అడుగుతుంది. అప్పుడు మొహం మీద లేదనాలి. అంత ధైర్యం యోరున్‌కి లేదు. వెతికితే ఇంకో దారి కనబడింది. ఏ ఏ పరికరాలను రానివ్వాలో మనమే ఒక్కొక్కటీ ఒప్పుకోవచ్చు. ఒప్పుకోనిది, పాస్‌వర్డ్ తెలిసినా సరే, గడప బయటే నిలబడిపోతుంది. ఎందుకు రానివ్వలేదో దానికి ఎవరూ చెప్పరు.

తన ఫోను ఒప్పుకుంది. ఆస్‌గేర్ ఫోను, టీవీ, బడి కంప్యూటరు. గదులు వెచ్చబెట్టే యంత్రాన్ని కూడా ఒప్పుకుంది. ఆఖరున 'హెర్దిస్' అని ఒక పేరు మిగిలింది. దాన్ని వదిలేసి 'సరే' నొక్కింది.

నొక్కిన క్షణం హాయిగా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటేనే తర్వాత ఆమెకు ఒళ్ళు చచ్చిపోయేది.

సాయంత్రమే హెర్దిస్ పైకొచ్చింది. ఎప్పుడూ లేనిది, ఆ రోజు తలుపు తట్టింది. బూట్లకంటిన మంచు దులుపుకుంటూ గుమ్మంలోనే నిలబడి, ఫోనుకి వైఫై పట్టదేమిటో, ముసలిదైపోయిందేమో అని నసిగింది. యోరున్ ఆమె కళ్ళలోకి చూడకుండా, మాకూ సరిగా రావట్లేదు, గాలికి ఏదో అయ్యుంటుంది, రెండు రోజులు చూద్దాం అంది. వెనక గదిలో టీవీ చక్కగా మోగుతోంది. హెర్దిస్ ఆ మోతని కాసేపు వింది.

"నిన్న నా నోరు ఊరుకోలేదు పిల్లా," అంది నెమ్మదిగా. "కోపమొచ్చిందా?"

"అబ్బే. ఎందుకు కోపం?"

హెర్దిస్ తలూపి వెళ్ళిపోయింది. రేపు మళ్ళీ ఒప్పుకుందాంలే అనుకుంది యోరున్. రేపు వచ్చింది. ఇంకొక్క రోజు ఉడకనీ అనుకుంది.

ఆ ఇంకొక్క రోజునే, మధ్యాహ్నపు నీలం ఆరిపోయిన వేళ, యోరున్ వంటింట్లో బంగాళాదుంపలు చెక్కుతోంది. కింద పడవ కొట్టం దగ్గర చిన్న వెలుగు కనబడింది. అటూ ఇటూ ఊగింది. కాసేపు ఆగి మళ్ళీ ఊగింది. హెర్దిస్ టార్చి పట్టుకుని పడవ తాళ్ళు చూసుకుంటోంది కాబోలు అనుకుంది. తను కనబడితే చేయి ఊపాలి. ఊపడం ఇష్టం లేక పరదా లాగేసింది.

మర్నాడు ఉదయం ఫెర్రీ మనిషి చూశాడు. కొట్టం ముందు, పడవని నీళ్ళలోకి దించే జారుడు పలక మీద మంచుగడ్డకి కాలు జారి, తుంటి విరిగి, హెర్దిస్ అక్కడే పడి ఉంది. చలికి పోయింది. చేతిలో ఫోను ఉంది. వేళ్ళు దాని చుట్టూ గడ్డకట్టుకుపోయాయి.

చావుకి దీవంతా వచ్చింది. హెర్దిస్ చెల్లెలు గూరో పట్నం నుంచి వచ్చింది. పలచటి మనిషి, మాట మెత్తన. సమాధి దగ్గర యోరున్ రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు.

"మా అక్క ఎప్పుడు మాట్లాడినా నీ పేరే. నువ్వు ఆ వైఫై ఇవ్వబట్టే రోజూ దాని గొంతు విన్నాను. నీ మేలు ఎలా మరిచిపోను?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరు గారు భుజం తట్టారు. ఆ తట్టిన చోటు వారం దాకా మండుతున్నట్టే ఉండేది. చెంప మీద కొట్టినా అంత మండేది కాదేమో. ఇంటికొచ్చి హెర్దిస్ పేరుకి అనుమతి ఇచ్చేద్దామని ఫోను తీసింది. ఇప్పుడిస్తే, ఇన్నాళ్ళూ ఇవ్వలేదని తేలిపోతుంది. ఎవరికి తేలుతుందని కాదు. తనకే. ఫోను బోర్లా పెట్టేసింది.

మొదటి కబురు క్రిస్మస్ వెళ్ళిన తర్వాత వచ్చింది.

మధ్యాహ్నం నాలుగింటికి కాస్త ముందు. ఆస్‌గేర్ సముద్రంలో ఉన్నాడు. యోరున్ పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఫోను టింగుమంది. 'ఒక పరికరం మీ నెట్‌వర్క్‌లోకి రావాలని చూస్తోంది. అనుమతిస్తారా?' ఆ పెట్టె ఇలా అడగడం అదే మొదలు. కింద పేరు: హెర్దిస్. పక్కన సిగ్నల్ గీత ఒక్కటే వెలుగుతోంది. అంటే ఎక్కడో దూరంగా... పడవ కొట్టమంత దూరంగా ఉంది.

ఎవరో పిల్లలు ఆ ఫోను ఎత్తుకొచ్చి ఆడుకుంటున్నారేమో అనుకుంది. వద్దు అని నొక్కి, ఏదో మిషతో గూరోకి ఫోన్ చేసింది. మాటల మధ్య హెర్దిస్ ఫోను ఊసు తెచ్చింది. గూరో నిట్టూర్చింది. అది ఉప్పునీళ్ళకి పాడైపోయిందట, వెలగనే వెలగదట. పారేయలేక బీరువాలో అక్క శాలువాలో చుట్టి పెట్టుకుందట.

రెండో రోజు అదే వేళకి మళ్ళీ టింగుమంది. గీతలు రెండు.

యోరున్ కిటికీ దగ్గరికి వెళ్ళి పరదా కొసని కాస్త జరిపి చూసింది. కాలిబాట మీద ఎవరూ లేరు. మంచు మీద ఒక్క అడుగూ లేదు. అయినా హెర్దిస్ ఇంటికీ తన ఇంటికీ సరిగ్గా సగం దూరంలో, ఆ మంచులో, చీకటి మిగతా చీకటికంటే కాస్త చిక్కగా ఉన్నట్టు తోచింది. పరదా వదిలేసింది. వద్దు అని నొక్కింది.

ఆస్‌గేర్ ఇంట్లో ఉన్న రోజుల్లో ఏ కబురూ లేదు. ఆయనకి చెబుదామని నాలుక చివరిదాకా తెచ్చుకుంది. దెయ్యం సంగతి చెప్పాలంటే కేకు సంగతి చెప్పాలి. కేకు దగ్గర మొదలెడితే పరదా దాకా చెప్పాలి. ఆయన హెర్దిస్‌ని సొంత అక్కలా చూసుకున్న మనిషి. శవపేటిక మోసినవాళ్ళలో ఆయనొకడు. చెప్పే మొహం లేక, మాటని కాఫీతో పాటు మింగేసింది. ఆయనకి అనుమానం రానే వచ్చింది. సరిగా తినట్లేదేమని అడిగాడు. చీకటి కాలం కదా అంది.

ఆయన సముద్రం మీదికి వెళ్ళిన రోజే మళ్ళీ మొదలైంది. ఈసారి కబురుకంటే ముందు చప్పుడొచ్చింది. ముందు మెట్ల మీద బూట్లు దులుపుకుంటున్న చప్పుడు. ధప్... ధప్. అంతలో టింగుమంది. గీతలు మూడు.

యోరున్ గోడకి వీపు ఆనించి నిలబడింది. తలుపు అవతల ఎవరో ఉన్నారు. తట్టడం లేదు. లాగడం లేదు. ఊరికే ఉన్నారు. తలుపు సందులోంచి వాసన లోపలికి పాకింది. తడిసిన ఉన్ని వాసన. పడవలకి పూసే తారు. కుళ్ళిన సముద్రపు నాచు. హెర్దిస్ కోటు వాసనే అది. ఒకప్పుడు కాఫీ వాసనతో కలిసి ఆ వంటింట్లో హాయిగా ఉండిన వాసన...

"వద్దు," అంది గుసగుసగా. "వెళ్ళిపో హెర్దిస్."

వద్దు అని నొక్కింది. చాలాసేపటికి మెట్లు దిగుతున్న చప్పుడు వినబడింది. కుంటుతూ. ఒక కాలు ఈడుస్తూ.

ఆ మర్నాడు ఆమె బడికి పోలేదు. ఆస్‌గేర్ సాయంత్రానికి వస్తాడు. అంతవరకూ ఇంట్లో ఉన్న దీపాలన్నీ వేసి, తలుపు గడియ పెట్టి, వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. బయట మంచు పడుతోంది, దట్టంగా, గాలి లేకుండా. మధ్యాహ్నపు నీలం వచ్చింది. పోయింది. పొయ్యిలో కట్టె చిటపటమంది. తర్వాత ఆ చిటపట కూడా ఆగింది.

మెట్ల మీద ఏ చప్పుడూ కాలేదు.

ఫోను టింగుమంది.

హెర్దిస్. గీతలు నాలుగు. నిండుగా.

ముందు వాసన తెలిసింది. తర్వాత చలి. బల్లకి అవతల... హెర్దిస్ ఎప్పుడూ లాక్కునే కుర్చీ వైపు నుంచి, చల్లగా, ఊపిరి తగిలినట్టు. యోరున్ తలెత్తలేదు. తలెత్తితే ఏం కనబడుతుందో అని కాదు. ఏ కళ్ళు కనబడతాయో అని. భయం కంటే సిగ్గే ఎక్కువైంది ఆ క్షణాన. దొంగతనం చేస్తూ దొరికిన పిల్లలా గడ్డం గుండెకి ఆనించుకుని కూర్చుంది.

"నేనే ఆపాను," అంది. "కావాలనే ఆపాను. కేకు కోసం."

'అనుమతిస్తారా?' అని ఫోను మీద అక్షరాలు ఇంకా వెలుగుతున్నాయి. ఎదురు చూస్తున్నాయి.

ఒప్పుకుంది.

ఊపిరి పీల్చేంత సేపు ఏమీ కాలేదు. తర్వాత ఫోను వణకడం మొదలెట్టింది. ఒకటి వెనక ఒకటి కబుర్లు వచ్చి పడ్డాయి. అన్నీ హెర్దిస్ నుంచే. అన్నీ ఆ రోజువే. ఆ మధ్యాహ్నానివే. గడప బయట నిలిచిపోయినవన్నీ ఇప్పుడు తోసుకుంటూ లోపలికొచ్చాయి.

'పిల్లా, కొట్టం దగ్గర పడ్డాను. లేవలేకపోతున్నా.'

'ఇది వెళ్తోందో లేదో తెలీదు. చూస్తే రా.'

'నీ కిటికీలో నువ్వు కనిపిస్తున్నావు. ఫోను వెలుగు ఊపుతున్నా చూడు.'

'పరదా వేశావు.'

యోరున్ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఫోను ఆగలేదు.

'కోపం లేదులే. నా నోరే అంత.'

'చలేస్తోంది.'

'బాట మీద లాంతరు కనబడుతోంది. ఎవరో దిగుతున్నారు. నువ్వేనా? నీ నడకే.'

'నువ్వే. నీ బూడిదరంగు కోటు. వచ్చావు తల్లీ.'

యోరున్ ఆ రోజు గడప దాటలేదు. బంగాళాదుంపలు ఉడకబెట్టుకుని, తిని, టీవీ చూసింది.

'పక్కన నిలబడ్డావు. మాట్లాడవేం?'

'మొహం మీద వెలుగు పడనివ్వవేం?'

'ఇప్పుడర్థమైంది. ఇది నువ్వు కాదు, నీ ముందు నడక. మా అమ్మమ్మ చెప్పేది, మనసున్న మనిషికి ముందు నడక ఉంటుందని. మనిషి రాకముందే దాని అలికిడి, దాని నడక వచ్చేస్తాయి. వెనకే మనిషి వస్తుంది. తప్పకుండా వస్తుంది.'

'ఇది వచ్చిందంటే నువ్వూ బయల్దేరుంటావు. ఉంటాను. వచ్చెయ్.'

అక్కడితో ఆ రోజువి అయిపోయాయి. కాసేపటికి ఇంకొకటి వచ్చింది. దాని మీద తేదీ ఇవాళ్టిది.

'ఇంకా రాలేదేం?'

యోరున్ లేచింది. అప్పుడు తలెత్తి చూసింది. ఎదురుగా కుర్చీ ఖాళీ. కాస్త వెనక్కి లాగి ఉంది, అంతే. బూడిదరంగు కోటు వేసుకుంది, లాంతరు పట్టుకుంది, గడియ తీసింది. ఏం చేస్తోందో తెలిసే చేసింది. రావలసిన చోటికి ఒక్కసారైనా రాకపోతే, ఇక ఎవరి మొహమూ చూడలేననిపించింది.

మంచు కళ్ళలో పడుతోంది. బాట కనబడటం లేదు. కాళ్ళకి తెలిసిన దారి కాబట్టి దిగింది. హెర్దిస్ ఇల్లు నల్లగా పక్కనుంచి జరిగిపోయింది. పడవ కొట్టం దగ్గర నీళ్ళు రాళ్ళని నాకుతున్న చప్పుడు. జారుడు పలక పక్కన మోకాళ్ళ మీద కూర్చుని లాంతరు కింద పెట్టింది.

"వచ్చాను," అంది. "చాలా ఆలస్యంగా వచ్చాను హెర్దిస్. సిగ్గులేని దాన్ని."

ఏ వాసనా లేదు. మంచు పడుతూనే ఉంది. ఎంతసేపు అలా ఉందో, ఏమేం చెప్పుకుందో ఆమెకే తెలీదు. లేచేసరికి మోకాళ్ళు పట్టేశాయి. గుండెలో మాత్రం ఏదో కాస్త దిగినట్టుంది. ఆస్‌గేర్‌కి చెప్పేస్తాను అనుకుంది. దాచకుండా, కేకు దగ్గర్నుంచి పరదా దాకా. రేపు ఫెర్రీ ఎక్కి గూరో దగ్గరికీ వెళ్తాను. తిట్టనీ, మొహం మీద తలుపు వెయ్యనీ. అలా అనుకుంటూ ఆ దట్టమైన మంచులోనే పైకి ఎక్కి వచ్చింది.

వంటింట్లో దీపం వెలుగుతోంది. ఆస్‌గేర్ వచ్చేశాడు. బల్ల దగ్గర, రెండు చేతుల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. ముందర కాఫీ అలాగే చల్లారిపోయి ఉంది. ఆమె తలుపు వేసిన చప్పుడుకి కూడా ఇటు తిరగలేదు.

"ఆస్‌గేర్," అంది. "నీతో ఒకటి చెప్పాలి. హెర్దిస్ సంగతి."

"మళ్ళీ ఎందుకు?" అన్నాడాయన బల్లకేసి చూస్తూనే. "ఇందాకే అంతా చెప్పావు కదా. కేకూ, పరదా, అంతా. నా ముందే గూరోకి కూడా ఫోన్ చేసి చెప్పావు. వెళ్ళి పడుకో యోరున్. ఇవాళ నీ మొహం చూడలేను."

"నేనా?"

నెత్తిమీద, పై గదిలో మంచం కిర్రుమంది. ఎవరో అటు నుంచి ఇటు ఒత్తిగిల్లినట్టు. తన ముందు నడకే తనకంటే ముందు ఇల్లు చేరిందేమో అనుకుంది.

యోరున్ పొయ్యి వైపు చూసింది. కోట్లు ఆరేసే కొక్కేనికి తన బూడిదరంగు కోటు వేలాడుతోంది. కరిగిన మంచు దాని అంచుల నుంచి బొట్టు బొట్టుగా నేల మీద పడుతోంది.

ఆమె చేయి తన ఒంటి మీది కోటు వైపు నెమ్మదిగా వెళ్ళింది. భుజాలు తడిమింది. చేతులు తడిమింది. మెడ పట్టీ తడిమింది.

ఎక్కడా తడి లేదు.